నాగార్జునసాగర్‌లో రెండు రోజులు: కుటుంబాలతో, స్నేహితులతో వెళ్లేవాళ్ల కోసం

నల్లగొండ, పాలమూరు వైపు మనకు సముద్రం లేదు. పిల్లలు పెద్ద నీళ్లు చూడాలంటే బాపట్ల దాకానో విశాఖ దాకానో పోవాలి. ఆ లోటు తీర్చేది సాగర్ ఒక్కటే. పైగా ఏ సముద్రతీరం రిసార్టుకూ లేని సంగతి ఒకటి దీనికి ఉంది. ఆ నీళ్ల అడుగున ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉంది. గేట్లు చూసి, చేపల వేపుడు తిని, సాయంత్రానికి ఇల్లు చేరేవాళ్లే ఎక్కువ. అలా పోయొస్తే సాగర్‌లో సగం కూడా చూసినట్టు కాదు. ఒక రాత్రి ఉండి రెండు రోజులు తిరిగితేనే ఖర్చు పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది. పది పదిహేను మంది కలిసి వెళ్లేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం.

అన్నిటికన్నా ముందు తేదీ. రిజర్వాయరు మధ్యలోని ద్వీపం మీద నాగార్జునకొండ మ్యూజియం ఉంది. దానికి శుక్రవారం సెలవు. శుక్ర, శని అని ప్లాన్ వేసుకునేవాళ్లు శుక్రవారం నాడు ద్వీపం పెట్టుకుంటే యాత్ర మొత్తం చెడుతుంది. ఆది, సోమ వారాలు మంచివి. ఆదివారం మధ్యాహ్నం చేరుకుని, బౌద్ధ స్తూపం, శిల్పాలు ఉన్న బుద్ధవనం చూడాలి. సోమవారం పొద్దున ద్వీపానికి వెళ్లాలి. అప్పటికి వారాంతపు జనం తగ్గుతారు. అయితే సోమవారం లాంచీకి సరిపడా మనుషులు దొరకకపోవచ్చు. మీ గుంపే పదిహేను మంది ఉంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరుతుంది.

తేదీ తర్వాత చూడాల్సింది నీటిమట్టం. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, నిల్వ 312 టీఎంసీలు. కనీస మట్టం 510 అడుగులు. అంటే ఏడాదిలో ఒడ్డు ఎనభై అడుగుల మేర పైకీ కిందికీ జరగవచ్చు. ఎడమ కాలువ కింది రైతులు రోజూ పేపర్లో చూసుకునే ఆ అంకెనే మీరూ బయలుదేరే ముందు చూసుకోవాలి. 580 దాటి ఉంటే లాంచీ ఎక్కడం, దిగడం తేలిక. మట్టం బాగా తగ్గిన ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి, లాంచీ దగ్గరికి ఎక్కువ మెట్లు, ఎక్కువ నడక పడతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు వెంట ఉంటే ఈ తేడా చాలా పెద్దది.

గేట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. డ్యాంకు 26 క్రస్ట్ గేట్లున్నాయి. ఒక్కోటి 42 అడుగుల వెడల్పు, 45 అడుగుల ఎత్తు. గేట్ల అడుగు మట్టమే 546 అడుగులు. నీళ్లు అంతకన్నా కింద ఉంటే గేటు ఎత్తినా చుక్క రాదు. మామూలుగా పైన శ్రీశైలం నుంచి వరద దిగి, ఇక్కడ మట్టం 590కి దగ్గరపడ్డాకనే ఎత్తుతారు. ఆగస్టు నుంచి అక్టోబరు లోపు ఆ భాగ్యం దక్కే వీలుంది, అదీ వానలు బాగా పడ్డ ఏడాది. అయితే వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో లాంచీలు ఆపేసే అవకాశం ఉంది. గేట్లూ ద్వీపమూ ఒకే ట్రిప్పులో దొరుకుతాయని పిల్లలకు మాట ఇవ్వకండి. గేట్లే చూడాలనుకుంటే బుధవారమో గురువారమో పొద్దున్నే వెళ్లి రండి. గేట్లెత్తిన ఆదివారం పైలాన్ కాలనీ నుంచి హిల్ కాలనీ దాకా బండ్లు కదలవు. మా లెక్కలో కుటుంబ యాత్రకు నవంబరు నుంచి జనవరి దాకా సరైన కాలం. అప్పటికి నీళ్లు నిండుగా ఉంటాయి, ఎండ ఉండదు. కార్తీక మాసంలో మాత్రం పుణ్యస్నానాలకు, వనభోజనాలకు వచ్చే జనం ఎక్కువ. గదులు ముందే చూసుకోవాలి.

దారి సులువే. నల్లగొండ నుంచి కనగల్, హాలియా మీదుగా 60 కిలోమీటర్ల పైచిలుకు. మిర్యాలగూడ వాళ్లూ హాలియా మీదుగానే రావాలి. పాలమూరు వాళ్లు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వచ్చే 167వ జాతీయ రహదారి పట్టుకుని మల్లేపల్లి చేరితే, అక్కడి నుంచి హైదరాబాద్–సాగర్ రోడ్డు దొరుకుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చే చుట్టాలకు ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి, పెద్దవూర మీదుగా 150 కిలోమీటర్లు. సాగర్‌కు రైలు లేదు. ఆర్టీసీ బస్సులున్నాయి గానీ, సాగర్ చేరాక చూడాల్సినవి ఒకదానికొకటి దూరం. హిల్ కాలనీ, పైలాన్ కాలనీ ఇవతలి ఒడ్డున ఉంటే, విజయపురి సౌత్, పాత కట్టడాలను తిరిగి కట్టిన అనుపు, ఎత్తిపోతల జలపాతం అవతలి ఒడ్డున ఆంధ్రప్రదేశ్ పల్నాడు జిల్లాలో ఉన్నాయి. గుంపుతో వచ్చినప్పుడు సొంత బండో, మాట్లాడుకున్న టెంపో ట్రావెలరో ఉండాల్సిందే. కిరాయి బండి అయితే అవతలి రాష్ట్రంలోకి పర్మిట్ ఉందో లేదో మాట్లాడుకునే రోజే అడగాలి. లేకపోతే వంతెన దాటాక ఆపితే ఆ జరిమానా ఎవరు కట్టాలన్న పంచాయితీ మీ నెత్తిన పడుతుంది. డ్యాం మీద నుంచి మామూలు వాహనాలను పోనివ్వరు. దిగువన ఉన్న వంతెన మీదుగా పోవాలి. గేట్లెత్తినప్పుడు డ్యాం మొత్తం నిండుగా కనపడేది కూడా ఆ వైపు నుంచే.

బసకు ఇవతలి ఒడ్డున తెలంగాణ పర్యాటక సంస్థ విజయ విహార్ ఉంది. దాని అసలు విలువ అది కట్టిన చోటులో ఉంది. ఎదురుగా రిజర్వాయరే. అందుకే గది బుక్ చేసేటప్పుడు ఏసీ, నాన్ ఏసీ కన్నా ముందు ‘నీళ్ల వైపు గదేనా’ అని అడగాలి. రోడ్డు వైపు గది తీసుకుంటే సాగర్‌లో ఉన్నా ఊళ్లో లాడ్జిలో ఉన్నట్టే. పద్నాలుగు మందికి ఐదు గదులు సరిపోతాయి. ఒక గది మాత్రం కింది అంతస్తులో, బాత్‌రూం గట్టు తక్కువగా ఉన్నది పెద్దవాళ్ల కోసం అడిగి తీసుకోవాలి. ఇక్కడనే కాదు, సాగర్‌లో ఎక్కడ దిగినా డబ్బు కట్టే ముందు మూడు చూడండి. గీజర్ నీళ్లు వస్తున్నాయా, కరెంటు పోతే జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా ఫ్యానేనా, రాత్రి ఎన్ని గంటల దాకా అన్నం దొరుకుతుంది. చివరిది చిన్న విషయంలా కనపడుతుంది గానీ, ఊరు తొందరగా సద్దుమణుగుతుంది. ఆలస్యంగా దిగిన పదిహేను మందికి అప్పటికప్పుడు వండిపెట్టే వంటగది దొరకడం కష్టం. సాయంత్రం నాలుగింటికే రాత్రి భోజనం లెక్క చెప్పి పెట్టుకోవాలి.

బుద్ధవనాన్ని చాలామంది చివరికి వదిలేస్తారు, లేదా దారిలో ఉందని పది నిమిషాలు ఆగి ఫోటో దిగి పోతారు. అది పొరపాటు. ద్వీపం కన్నా ముందు దీన్నే చూడాలన్నది మా గట్టి మాట. కారణం ఉంది. ద్వీపంలో మీకు కనపడేవి విరిగిన పలకలు, మొండి స్తంభాలు, పునాదుల గుర్తులు. స్తూపం పూర్తిగా ఉంటే ఎలా ఉంటుందో తెలియనివాళ్లకు అవి రాళ్ల కుప్పలే. 2022 మే 14న ప్రారంభమైన ఈ 274 ఎకరాల వనంలో అమరావతి స్తూపం నమూనాలో కట్టిన మహాస్తూపం ఉంది. గుమ్మటంలా ఉండే దాని అండం, చుట్టూ ప్రదక్షిణ దారి, నాలుగు దిక్కుల ముందుకు వచ్చిన వేదికలు, వాటి మీద ఐదేసి ఆయక స్తంభాలు. ఈ నాలుగూ పిల్లలకు వేలు పెట్టి చూపించండి. ఆ ఐదు స్తంభాలు బుద్ధుని పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, తొలి బోధ, మహాపరినిర్వాణం అని చెప్పండి. మర్నాడు మ్యూజియంలో ఒంటరి స్తంభం కనపడగానే వాళ్లే గుర్తుపడతారు. జాతకవనంలో నలభై జాతక కథలు, అంటే బుద్ధుని పూర్వజన్మల కథలు చెక్కారు. అన్నీ చూడబోతే పిల్లలకు విసుగు, నాలుగైదు ఎంచుకుని నిదానంగా చూడటం మేలు. శ్రీలంక ఇచ్చిన 27 అడుగుల అవుకన బుద్ధుడి ప్రతిరూపం దగ్గర అందరూ ఎలాగూ ఆగుతారు.

ఇక్కడ ఇబ్బంది ఎండ. ఆవరణ చాలా విశాలం, నీడ తక్కువ. చెప్పులు విడిచి నడవాల్సిన చోట మధ్యాహ్నం రాయి అరికాళ్లను కాల్చేస్తుంది. మూడున్నర తర్వాత లోపలికి వెళితే రెండు గంటలు హాయిగా తిరగొచ్చు. ఉడుకపోత రోజుల్లో పిల్లలకు మందపాటి సాక్సులు వేయించండి. నడవలేని పెద్దవాళ్లకు బండి ఏర్పాటు ఉందేమో టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. లోపలికి నడిచాక వెనక్కి రావడం దూరం.

ఇక ద్వీపం. సాగర్ యాత్రకు ప్రాణం ఇదే. లాంచీలు రెండు ఒడ్ల నుంచీ ఉంటాయి. ఇవతల హిల్ కాలనీ వైపు, అవతల విజయపురి సౌత్‌లో. ఏ రోజు ఎటు నుంచి ద్వీపానికి పోతుందో, ఎన్నింటికి పోతుందో ముందు రోజు సాయంత్రం లాంచీ స్టేషన్‌కు మనిషిని పంపి రూఢి చేసుకోవాలి. ఫోన్లో కనపడే పాత వేళలను నమ్మి పది కిలోమీటర్లు తిరిగి నిరాశపడేవాళ్లు చాలామంది. రెండు రకాల టికెట్లుంటాయి, ఇక్కడే చాలామంది పొరబడతారు. రిజర్వాయరులో కాసేపు తిప్పి తెచ్చేది ఒకటి, దాన్ని జాలీ రైడ్ అంటారు. ద్వీపానికి తీసుకెళ్లి తెచ్చేది ఇంకొకటి. కౌంటర్ దగ్గర ‘కొండకు’ అని స్పష్టంగా చెప్పి తీసుకోండి. ద్వీపానికి పోయేవాళ్లకు జాలీ రైడ్ అక్కర్లేదు, ఆ డబ్బు చేపలకు పెట్టుకోవచ్చు.

ఒక వైపు ప్రయాణం ముప్పావు గంట నుంచి గంట. పొద్దుటి మొదటి లాంచీయే మంచిది. మధ్యాహ్నం తర్వాత గాలి లేస్తుంది, అల పెరుగుతుంది. గాలి ఎక్కువైతే లాంచీ కదల్చరు, ఆ విషయంలో సిబ్బందితో వాదించకూడదు. 2019 సెప్టెంబరులో గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మనందరికీ గుర్తే. లైఫ్ జాకెట్ ఒంటి మీద వేసుకుని బకిల్స్ పెట్టుకోవాలి. ఒళ్లో పెట్టుకున్న జాకెట్ ఉన్నా లేనట్టే. చిన్నపిల్లలకు పెద్దల జాకెట్ వేస్తే నీళ్లలో పడ్డప్పుడు తల మీదుగా జారిపోతుంది. పిల్లల సైజు ఉందో లేదో ఎక్కే ముందే చూడాలి, లేకపోతే ఆ లాంచీ వదిలేయాలి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్లు మధ్యలో, ఇంజనుకు దూరంగా కూర్చోవాలి. అంతకు గంట ముందు ఇడ్లీ లాంటి తేలిక టిఫిన్ చాలు.

లాంచీ దింపాక మళ్లీ ఎన్నింటికి ఎక్కాలో చెబుతారు. సాధారణంగా ఇచ్చే సమయం చాలదు. తర్వాతి లాంచీలో తిరిగి రావచ్చా అని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. సరేనంటే అంతకన్నా అదృష్టం లేదు. కాదంటే సమయాన్ని ఇలా పంచుకోండి. ముందు తిన్నగా మ్యూజియానికి, అక్కడ మునిగిన లోయ నమూనా ముందుకు. అది చూడకుండా మిగతాది చూస్తే దేనికి దేంతో సంబంధమో తెలియదు.

ఈ లోయలో 1926లో శిథిలాలు బయటపడ్డాయి. ఆ మరుసటి ఏడాది నుంచి పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు సాగించాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ డ్యాంకు శంకుస్థాపన చేశాడు. లోయ మునగడం అంతకుముందే ఖాయమైంది కాబట్టి 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతా గాలించి తవ్వారు. తొమ్మిది కట్టడాలను తిరిగి కట్టారు, పద్నాలుగింటికి పెద్ద నమూనాలు చేశారు. కొన్ని ఈ కొండ మీద, కొన్ని అనుపులో. మీరు లాంచీ దిగింది నిజానికి దీవి కాదు, కొండ శిఖరం. మీరు దాటి వచ్చిన నీళ్ల కింద వీధులు, విహారాలు, స్నానఘట్టాలు ఉన్న ఊరుంది. లాంచీలో వస్తూ ఈ మాట పిల్లలకు చెప్పండి. వాళ్లు నీళ్లను చూసే చూపే మారిపోతుంది.

మ్యూజియంలో పల్నాటి సున్నపురాయి పలకలను నిదానంగా చూడాలి. ఆకుపచ్చ ఛాయ ఉన్న ఆ లేత రాయి మెత్తనిది. అందుకే అంత సన్నని పని సాధ్యమైంది. మాంధాత జాతకం పలకలు వెతికి చూడండి. ఫోటోలకు నియమాలుంటాయి, గుమ్మం దగ్గరే అడగడం మర్యాద. బయట మహాచైత్యం, అంటే పెద్ద స్తూపం దగ్గర పునాది ఆకారం గమనించాలి. బండి చక్రంలా ఆకులుంటాయి. ఆకుల మధ్య మట్టి నింపిన గదులే పైన అండం బరువును మోశాయి. పిల్లల చేత ఆకులు లెక్కపెట్టించండి. దీన్ని కట్టించింది ఒక స్త్రీ. ఇక్ష్వాకు రాజు శాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి. శాంతమూలుని కొడుకు వీరపురుషదత్తుని ఆరో పాలనా సంవత్సరంలో పూర్తయిందని శాసనాలు చెబుతున్నాయి. మనతో వచ్చిన అమ్మమ్మలకు, ఆడపిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పాలి. పదిహేడు వందల ఏళ్ల కిందట ఆ ఇంటి ఆడవాళ్లు ఇచ్చిన దానాలు ఇంకా రాళ్ల మీద చదువుకోవచ్చు.

ద్వీపం మీద తిండి దొరుకుతుందన్న ధీమా పెట్టుకోకండి. మనిషికి లీటరు నీళ్లు, ఎండాకాలమైతే లీటరున్నర. సద్దికి పులిహోర, సర్వపిండి లాంటివి మేలు, పెరుగన్నం ఎండకు పులుస్తుంది. ఖాళీ సీసాలు, కవర్లు తిరిగి లాంచీలోనే తెచ్చేయాలి.

అనుపుకు విజయపురి సౌత్ నుంచి రోడ్డు మీద వెళ్లొచ్చు. ద్వీపం నుంచి దిగిన వెంటనే వెళితే కళ్లలో అవన్నీ ఇంకా తాజాగా ఉంటాయి. అక్కడి రంగస్థలం మెట్ల మీద పిల్లల్ని పైవరుసలో కూర్చోబెట్టి, కింద నడుమ నిలబడి చప్పట్లు కొట్టండి, శబ్దం ఎలా తిరిగొస్తుందో వాళ్లకే తెలుస్తుంది. బౌద్ధ దేవత హారీతి గుడి, విహారాల పునాదులు కలిపి గంట చాలు. దారి అడవి పక్కగా పోతుంది. చీకటి పడకముందే వెనక్కి రావాలి.

ఎత్తిపోతల జలపాతం సాగర్ డ్యాం నుంచి 11 కిలోమీటర్లు. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. వానల తర్వాత వెళితే సరే, మార్చి తర్వాత ఆ తిరుగుడు దండగ. కింద మొసళ్లున్నాయి. నీళ్లలో దిగే ఆలోచనే వద్దు. కోతులు చేతిలోని కవర్లు లాక్కుంటాయి.

నీళ్ల దగ్గర జాగ్రత్త గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. డ్యాం దిగువన ఘాట్ల దగ్గర నీళ్లు మోకాలి లోతే అనిపించినా నమ్మకండి. పవర్‌హౌస్‌లో యంత్రాలు తిప్పినప్పుడు కింద నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి. నాచు పట్టిన రాయి మీద కాలు నిలవదు. ఈత వచ్చినవాళ్లు కూడా ఇక్కడే మునుగుతారు, ఎందుకంటే జారి తల రాయికి తగులుతుంది. స్నానం చేయాలంటే మెట్లున్న చోట, గొలుసు పట్టుకుని చేయాలి. పిల్లలకు ఒక్కొక్కరికి ఒక పెద్ద చొప్పున ఒప్పజెప్పి, ఆ పెద్ద ఫోన్ పక్కన పెట్టాలి. అందరూ చూస్తున్నారులే అనుకున్న చోటే ఎవరూ చూడరు. పైలం.

తిండి విషయానికొస్తే సాగర్‌కు పోయి చికెన్ బిర్యానీ తినడం అన్యాయం. బొచ్చె, రవ్వ, వాలుగ, జల్ల, అదృష్టం ఉంటే కొరమీను. చేప తాజాదా కాదా చూడటానికి చెంప ఎత్తి మొప్పలు చూడాలి. లోపల ఎర్రగా ఉండాలి, గోధుమ రంగుకు తిరిగితే వద్దు. కన్ను ఉబ్బి మెరవాలి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటే అది ఐస్‌లో రోజులు గడిపిన చేప. బేరం ముందే తేల్చుకోండి. ధర చేప బరువుకా, కడిగిన ముక్కల బరువుకా? తల, తోక, పొలుసు, పేగులు పోను కిలో బొచ్చెకు ముక్కలు ఆరేడు వందల గ్రాములే మిగులుతాయి. పద్నాలుగు మందికి వేపుడుకూ పులుసుకూ కలిపి ఐదు కిలోల చేప కావాలి. వేపుడుకు రవ్వ, పులుసుకు బొచ్చె తల, నడుం ముక్కలు. ముళ్లు తక్కువ కాబట్టి చిన్నపిల్లలకు కొరమీను. వండి ఇచ్చే చోట నూనె నల్లగా మాడి ఉంటే ముక్క ఎంత తాజాదైనా గొంతు మంట తప్పదు. మూకుడు చూశాకే చేప ఇవ్వండి. పక్కన జొన్న రొట్టె దొరికితే అన్నం మానేయొచ్చు.

ఇంటికి చేప తెచ్చుకోవాలంటే తిరుగు ప్రయాణం రోజున చివరి పనిగా కొనాలి. మొప్పలు, పేగులు అక్కడే తీయించాలి, ముందు చెడేది అవే. ముక్కలు కొట్టించకుండా నిండు చేపగానే ఉంచాలి. థర్మోకోల్ డబ్బాలో అడుగున ఐస్, పైన చేప, మళ్లీ ఐస్. చేప ఎంత బరువో ఐస్ అంత బరువు. కరిగిన నీళ్లలో చేప నానితే మెత్తబడుతుంది కాబట్టి డబ్బా అడుగున ఒక మూల చిన్న బెజ్జం పెట్టి, కింద ప్లాస్టిక్ టబ్బు ఉంచాలి. మూతకు టేపు వేసి మధ్యలో తెరవకుండా తెస్తే నల్లగొండకే కాదు, పాలమూరు చేరేదాకా కూడా చేప గట్టిగా ఉంటుంది.